సమకండి అనే ఊరు

ఇది ఇంతకాలం ఎందుకు రాయలేదంటే నాకు అక్షరాలు రావు. అరవై దాటాక, మనవరాలి వయసున్న పంతులమ్మ ఒకతె మా వీధి ఆడవాళ్లందరికీ పలకలు ఇచ్చింది. ‘చ’ దిద్దిన రోజు నా చేయి ఆగిపోయింది. ఆ అక్షరం మా నోట పలకకే మేం పదకొండు రోజులు కంచె లోపల ఉన్నాం.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. రంగూన్‌లో ఇక ఉండవద్దని అక్కడి సర్కారు అంటే ఓడెక్కి వచ్చేశాం. ఒడిశాలోని గోపాలపూర్ తీరాన పాత గిడ్డంగుల్లో మమ్మల్ని దింపారు. మా తాత రంగూన్ వెళ్లేటప్పుడు ఓడ కోసం కాచుకున్నదీ వాటిలోనేనట. స్వరాజ్యం వచ్చాక వాటి చుట్టూ ముళ్లకంచె వేసి, తిరిగొచ్చేవాళ్ల కాగితాలు చూసే శిబిరం చేశారు. అది అయ్యేదాకా గేటు దాటనివ్వరు. ఊరు తేలినవాళ్లు ఇంటికి, తేలనివాళ్లు కొండల అవతలి కాలనీకి. అక్కడ సముద్రం లేదు. వల తప్ప మరో పని తెలియని మా నాన్నకు ఆ మాట విన్నాక అన్నం సహించలేదు.

గుమస్తా కటకం నుంచి కొత్తగా వచ్చిన ఒడియా ఆయన. ఊరేదంటే నాన్న సమకండి అన్నాడు. ఆయన ఊళ్ల పేర్ల పుస్తకంలో ‘స’ పేజీలన్నీ తిప్పి, అలాంటి ఊరు జిల్లాలోనే లేదన్నాడు. రాసుకున్నది తప్పని చెప్పడానికి మాలో ఎవరికీ చదువు లేదు. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి, కాలనీకి తీసుకుపోయే లారీ రేపు వస్తుందన్నారు.

శిబిరంలో నీళ్లు మోసే ఆమె ఆ తీరంలోనే మరో తెలుగు పల్లె, మార్కండి మనిషి. ఆ మధ్యాహ్నం గుమస్తా ముందు టీ గ్లాసు పెడుతూ మా గొడవ విని నవ్వింది.

“రోజూ నాను సా అని ఇత్తే తాగుతన్నారు. తమరి నోట అదేటి బాబూ?”

“చా,” అన్నాడాయన.

“మరి ఈళ్ల సమకండీ అంతే గదా.”

గుమస్తా గ్లాసు పక్కకు జరిపి పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాడు. ‘చ’ పేజీలో చమఖండి ఉంది. ఆయనకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే సంతకం పెట్టాడు. నాన్న ఆమెకు దండం పెట్టబోతే, “నాకెందుకు తమ్ముడా, ఆయన మనసు మారకముందే ఎల్లు,” అని గేటు వైపు తోసింది. ఆ తొందరలో ఆమె పేరు కూడా అడగలేదు.

మర్నాడు పొద్దున్నే, ఊళ్లోనే ఉండిపోయిన పెద్దనాన్న పడవలో వచ్చిన చేపల్లో ఆమె కోసం మంచివి ఏరి బుట్టలో పెట్టుకుని, నాన్నతో కలిసి తీరం వెంట ఆ గేటు దాకా నడిచాను.