వెలుగు తగ్గిన చోట

అమలాపురం కాలేజీలో మా ఫిజిక్స్ మేడంగారు, కొత్తగా పుట్టిన పెద్ద నక్షత్రాల చుట్టూ గడ్డకట్టిన అణువులను వెతికేవారు. పరారుణ వర్ణపటంలో గీత కిందికి దిగినచోట వేలు పెట్టి, "ఇక్కడ వెలుగు తగ్గిందమ్మా. మంచు మింగేసింది. ఏ మంచో ఈ పల్లమే చెబుతుంది," అనేవారు. ఎక్కడైనా ఆవిడ చూపు, అక్కడ లేనిదాని మీదే.

మేడంగారు మా పాపను చూడ్డానికి వచ్చినప్పుడు మా అత్తయ్యగారు, "ఊరి తీర్థంలో బాణాసంచాకి కూడా బెదర్లేదండీ, ధైర్యస్తురాలు!" అని మురిసిపోయారు. మేడంగారు నవ్వలేదు. పాప వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టారు. పాప తిరగలేదు.

"రేపే చెవుల డాక్టరుకి చూపించమ్మా."

ఆవిడ పోయి ఏడాదైంది. పాప చెవికి ఇప్పుడు మిషనుంది, పిలిస్తే తిరుగుతుంది. ఒక్కోసారి ఎవరూ పిలవకుండానే, ఆరోజు ఆవిడ నిలబడిన చోటికి తిరిగి నవ్వుతుంది. నేను ఊపిరి బిగబట్టి వింటాను. నాకేమీ వినపడదు.