తొలి తెలుగింటి మీద పేరు

ఐర్లండ్ దేశపు ఎన్నిస్‌లో ఫెర్గస్ నది పక్క సందులో ఒక పాత ఇల్లుంది. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు మొదట ఉన్నది అందులోనే. తర్వాత ఎవరొచ్చినా అక్కడే నాలుగు రోజులు తలదాచుకుని, అన్నం తిని, తమ దారి చూసుకున్నారు. ఇరవయ్యేళ్ళు కావస్తోంది కదా, వచ్చే వేసవిలో దాని గోడకు రాతి ఫలకం పెడదామని 2021 ఫిబ్రవరిలో మనవాళ్ళు తీర్మానించారు. ఇప్పటి యజమాని సరేనన్నాడు. లాక్‌డౌన్‌లో ఐదు కిలోమీటర్లు దాటే వీల్లేదు కాబట్టి, తీర్మానాలకు మాత్రం అందరికీ బోలెడంత తీరిక.

కమిటీ పెద్ద కృష్ణప్రసాద్ నమూనా తయారుచేసి వాట్సాప్‌లో పెట్టాడు. 'తొలి తెలుగు ఇల్లు. అబ్రహాము గారి కుటుంబం, 2003.' అరగంటలో నలభై బొటనవేళ్ళు లేచాయి. అబ్రహాము గారు నమస్కారం బొమ్మ పెట్టి మురిసిపోయారు.

ఆయన భార్య నాగరత్నం ఆ మెసేజీని మేడమీద గదిలో ఒంటరిగా చూసింది. ఆమె వృద్ధాశ్రమంలో నర్సు. పదకొండు నెలలు మాస్కు వెనకే బతికి, చివరికి కోవిడ్ పాజిటివ్ తెచ్చుకుంది. దగ్గు తగ్గింది గానీ, ఆ నమూనా చూశాక కడుపు మండింది. ఆ ఇల్లు అద్దెకు తీసుకున్నది ఆమె. గుంటూరు ఆసుపత్రి వదిలి 2001 నవంబరులో ఒక్కతే వచ్చింది. అబ్రహాము గారు వచ్చింది పద్నాలుగు నెలల తర్వాత. మనవాళ్ళకు ఇల్లనగానే మగాడి పేరే నోటికొస్తుంది. ఎవరికీ దురుద్దేశం లేదు, అదే అసలు బాధ. నా పేరు వేయండి అని అడగాలంటే ఆమెకు చచ్చేంత సిగ్గు. అడక్కపోతే ఆ అబద్ధం రాతికెక్కుతుంది.

ఆదివారం జూమ్‌లో ప్రార్థన కూటం. ఆమె పైన, ఆయన కింద వంటింట్లో, చెరొక ఫోను ముందు. దేవుడు తమకు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. సాక్ష్యం చెప్పేవాళ్ళకు ఎవరూ అడ్డుపడకూడదన్నది కూటాల్లో కట్టుబాటు. ఆ సంగతి నాగరత్నానికి సరిగ్గా అప్పుడే తట్టింది.

"దేవునికి స్తోత్రం. ఈ ఊళ్ళో దిగిన రోజు నాకో సూట్‌కేసు తప్ప ఏమీ లేదండి," అని మొదలుపెట్టింది. "హీటింగ్ ఎలా వెయ్యాలో తెలీక కోటేసుకునే పడుకున్నా. పద్నాలుగు నెలలు ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా. విజయరాణి వచ్చినా, జోజి వాళ్ళొచ్చినా వండిపెట్టింది నేనే. మా ఆయన్ని షానన్ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చి, ఇదిగో మనిల్లు అని చూపించింది కూడా నేనే. ఇన్నాళ్ళూ దేవుడు నాకు తోడున్నాడు. ఇంతేనండి నా సాక్ష్యం."

కృష్ణప్రసాద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అబ్రహాము గారి వీడియో ఆగిపోయింది. నాగరత్నం ఇన్నేళ్ళ కాపురంలో నలుగురి ముందూ ఆయన్ని తక్కువ చేసి ఎరగదు. కింద టకటకా సొరుగులు లాగుతున్న చప్పుడు వినబడింది.

ఐదు నిమిషాలకు ఆయన మళ్ళీ కనబడ్డారు, చేతిలో నలిగిన కాగితంతో. కెమెరాకు మరీ దగ్గరగా పెట్టడంతో ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కాస్త వెనక్కి జరిపాక తెలిసింది, అది పాత లీజు. తేదీ నవంబరు 2001. అద్దెకు దిగినవారి పేరు నాగరత్నం.

"తప్పు నాదేనయ్యా. నమూనా చూసి కూడా ఊరుకున్నా, నా పేరు బావుంది కదాని," అన్నారాయన. "కృష్ణప్రసాదూ, దీన్ని చూసి రాయించు. నా పేరొద్దు. మీ అందర్లాగే నేనూ ఆవిడింటికొచ్చి దిగినవాణ్ణే."

నాగరత్నం మైకు ఆపడం మరిచి భోరున ఏడ్చేసింది. కూటమంతా విన్నారు. విననీ.