పెంచలస్వామి మీద పెట్టిన నొప్పి

తోటపల్లి గూడూరు దగ్గర ఒక రొయ్యల కంపెనీలో వెంకటశేషమ్మ పదకొండేళ్లు పనిచేసింది. ఐసులో నానిన రొయ్యకు తల తీసి, పొట్టు ఒలిచి, వీపు మీది నల్ల నరం లాగి ట్రేలో వెయ్యాలి. రోజంతా నిలబడే పని. వేళ్లు మొద్దుబారిపోయేవి. భర్త చనిపోయాక ఇల్లు గడవక అందులో చేరిన శేషమ్మ, కొన్నాళ్లకు ఆ పనిలోనే తన ఇలవేల్పు పెంచలస్వామిని తలుచుకోవడం మొదలుపెట్టింది.

"ఎవురి బిడ్డలో తినే కూడు మే ఇది. స్వామికి నైవేద్యం చేసినట్టు చెయ్యాల" అనేది పక్కవాళ్లతో.

ఇంటి నుంచి కొబ్బరినూనె, పసుపు తెచ్చి, టీ వేళకు అందరి వేళ్లకూ రాసేది. కొత్తగా చేరినవాళ్లు చలికి తట్టుకోలేక ఏడిస్తే వాళ్ల చేతులు తన చంకల్లో పెట్టుకుని వెచ్చబరిచేది.

ఇది మేనేజర్ నరేంద్రబాబు చెవిన పడింది. పనివాళ్లకు నెలకోసారి ధ్యానం నేర్పించే సభలో ఆమెకు శాలువా కప్పి, "పనిలో దేవుణ్ణి చూసే మనిషి" అన్నాడు. పదకొండేళ్లలో ఆమెను పేరు పెట్టి పిలిచిన పెద్దమనిషి అతనొక్కడే.

ఆ వేసవిలో గ్లౌజులన్నీ చిరిగిపోయాయి. కొత్తవి రాలేదు. రొయ్య ముల్లు గుచ్చుకుని ఆడవాళ్ల వేళ్లు చీము పట్టసాగాయి. కొత్తగా చేరిన రోజా పదిమందిని కూడగట్టి, గ్లౌజులిచ్చేదాకా లోపలికి రామని గేటు దగ్గర కూర్చుంది. నరేంద్రబాబు శేషమ్మను పిలిపించాడు.

"నువ్వు చెప్తే వింటారమ్మా. గ్లౌజులు దార్లో ఉన్నాయి."

శేషమ్మ నమ్మింది. వెళ్లి రోజా పక్కన కూర్చుంది.

"గమ్మున పనిలోకి రా మే. ఆ నొప్పేందో స్వామి మీద పెట్టు. ఆయన మోస్తాడు."

"నువ్వు చెప్పినావని వస్తా ఉండానక్కా" అంటూ రోజా లేచింది.

వారానికే రోజా కుడిచేతి చూపుడువేలు వాచిపోయింది. శేషమ్మ రోజూ పసుపు పెట్టి గుడ్డ కట్టింది. వేలు నల్లబడ్డాక నెల్లూరు తీసుకుపోతే, ఇన్నాళ్లు ఎందుకు ఆగారని డాక్టరు కేకలేసి, వేలు తీసేశాడు.

చూడ్డానికి వెళ్లిన శేషమ్మను రోజా ఒకటే అడిగింది.

"స్వామి మోసినాడా అక్కా?"

ఆ నెల సభలో నరేంద్రబాబు మళ్లీ ఆమెకు మైకు అందించాడు. శేషమ్మ లేచి నిలబడింది.

"గ్లౌజులు ఇంకా రాలేదు. ఆ బిడ్డను లోపలికి పంపింది నేనే. ఇంక నా మాట నమ్మబాకండి."

మర్నాడు కంపెనీ బస్సు ఆమె కోసం ఆగలేదు. లోపల కూర్చున్న ఆడవాళ్లు, ఆమె ఎవరి వేళ్లకు నూనె రాసిందో వాళ్లే, తల తిప్పుకున్నారు.

ఇప్పుడు శేషమ్మ నాట్లకు కూలికి పోతోంది. పని లేని రోజు రోజా ఇంటికి వెళ్లి బట్టలు ఉతికి, అంట్లు తోమి వస్తుంది.

"ఎందుకొస్తావు తల్లీ? ఇంట్లో నేను లేనా?" అంటుంది రోజా ముసలి తల్లి.

శేషమ్మ అంట్లు తోముతూనే ఉంటుంది. గడప మీద రోజా, తన కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని, ఉన్న వేళ్లతో జడ అల్లుతూ ఉంటుంది. అల్లిక జారిపోతే మళ్లీ మొదలుపెడుతుంది. శేషమ్మ వైపు మాత్రం చూడదు.