రాష్ట్రానికి ఫస్టు వచ్చిన వెన్నుపూస డాక్టరు

1968 వేసవిలో నన్ను ఆమదాలవలస సర్కారు ఆసుపత్రికి డ్రెస్సరుగా వేశారు. డ్రెస్సరంటే పుళ్లు కడిగి, కట్లు కట్టి, డాక్టరు చెప్పినచోట ప్లాస్టరు వేసేవాడు. కాంపౌండరుకు కింద, వార్డు బాయ్‌కి పైన. ముప్పై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి కనుక నాకది చిన్న ఉద్యోగం కాదు.

ఆ రోజుల్లోనే స్టేషను రోడ్డులో ఒక బోర్డు లేచింది. డాక్టర్ ప్రకాశరావు, అమెరికా పద్ధతి వెన్నుపూస వైద్యం, కైరోప్రాక్టిక్ పరీక్షలో రాష్ట్రానికి ఫస్టు. మందు లేదు, సూది లేదు. వీపు మీద చేతులు పెట్టి ఎముక టక్కుమనిపిస్తాడు. పట్టేసిన నడుములు కొన్ని వదిలేవి కూడా. కాదనను.

ధాన్యం మిల్లులో బస్తాలు మోసే అసిరినాయుడికి ఆ ఏడు వీపు వంగిపోయింది. శ్రీకాకుళంలో ఎక్స్‌రే తీయిస్తే వెన్నుపూసకు క్షయ అని తేలింది. మా డాక్టరుగారు సూదిమందుతో పాటు ప్లాస్టరు జాకెట్టు రాశారు. చంకల నుంచి నడుం కింది దాకా వేసే కట్టు అది. నెలల తరబడి ఉంచాలి. ఈలోగా ఆ పుచ్చిన ఎముకను ఎవరైనా విరిస్తే కాళ్లు పడిపోతాయని గట్టిగా చెప్పారు.

నేను ప్లాస్టరు గుడ్డ తడిపేలోగా అతని భార్య పైడమ్మ రిక్షా తెచ్చింది. స్టేషను రోడ్డాయన ఒక్క పూటలో నిలబెడతానన్నాడట. మీ డాక్టరు ఉత్త డాక్టరు, ఆయన ఫస్టొచ్చిన డాక్టరు, అంది. డాక్టరుగారు ఎంత చెప్పినా వినలేదు. నాకు ఒళ్లు మండి రిక్షాకి అడ్డం నిలబడ్డాను.

"రాత్రిబడి పరీచ్చలో నేనూ సెకండొచ్చినోణ్ణే పైడమ్మా. రాసింది ఇద్దరమే. ఆయనతోటి ఎంతమంది రాసినారో అడిగి, అప్పుడు వీపు అప్పగించు."

అయినా రిక్షా నన్ను తప్పించుకుని కదిలింది. వెనకాలే నేనూ వెళ్లాను. బెంచీల నిండా జనం. అసిరినాయుణ్ణి బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. ప్రకాశరావు చేతులు తుడుచుకుంటుండగా పైడమ్మ అడిగేసింది.

ఆయన తొణకలేదు. ఈ విద్య మన రాష్ట్రానికి కొత్తదనీ, పోస్టులో పాఠాలు తెప్పించుకుని పరీక్ష రాసినవాడు తానొక్కడేననీ గర్వంగానే చెప్పాడు.

పైడమ్మ మొగుడి చొక్కా అందుకుంది. "మా సాలలోన ఒక్కటే గేదె బాబూ. అదీ ఫస్టే. లెగు మావా, పోదాం."

బెంచీలన్నీ నవ్వాయి. బల్ల మీద బోర్లా ఉన్న అసిరినాయుడు కూడా నవ్వాడు.

ఆ మధ్యాహ్నమే జాకెట్టు వేశాను. అది ఆరేదాకా పైడమ్మ విసురుతూ కూర్చుంది. మరుసటి ఏడు దాన్ని కోసిన రోజున అసిరినాయుడు ఎవరి భుజమూ పట్టుకోకుండా వార్డు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. ప్లాస్టరు కత్తెర చేతిలోనే పట్టుకుని నేనూ వెనక నడిచాను. స్టేషను రోడ్డు బోర్డు మీద 'ఫస్టు' అన్న మాట అప్పటికే తెల్లరంగు కిందకి పోయింది.

నిజానికి ఆ మాట అబద్ధం కాదు. అబద్ధమైతే ఎవరో ఒకరు ముందే పట్టుకునేవారు. అప్పటి నుంచి ఎవరు ర్యాంకు చెప్పినా ఎంతమందిలో అని అడుగుతున్నాను. అడిగితే నొచ్చుకునేవాడికి నా వీపు ఇవ్వను.