టీ తాగేదాకా లేవను

మా ఎమ్మెల్యే గారు పోయారన్న కబురు, నేను షాపులో కాలిన బోరు మోటారుకు వైండింగ్ చుడుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది పై వీధిలో ఉండే మా తమ్ముడు. పోయిన ఎన్నికల గొడవతో మా ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. "సారు పోయాడన్నా" అని పెట్టేశాడు.

వాడిదీ, ఆ పై వీధిదీ ఆయన పార్టీ. నాది కాదు. నేనాయనకు ఒక్కసారీ ఓటెయ్యలేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా ఏడుపొచ్చింది, వెనకే భయం పట్టుకుంది. పంచాయతీ ఎన్నికలు వారంలోకి వచ్చేశాయి మరి.

ఆయనకో అలవాటుండేది. గెలిచినా ఓడినా, ఫలితం వచ్చిన మర్నాడు పొద్దున్నే కారూ గన్‌మెన్లూ లేకుండా, తనకు ఓటెయ్యని వీధికి నడిచొచ్చేవారు. నా షాపు ముందు స్టూలు లాక్కుని, "టీ తాగేదాకా లేవనబ్బాయ్" అనేవారు. ఆయన కూర్చున్నంతసేపూ ఏ వీధి నుంచీ రాయి లేచేది కాదు.

ఆయన ఓడిపోయిన ఏడాది మా పార్టీవాళ్లు ఆయన గుమ్మంలోనే టపాకాయలు కాల్చారు. మర్నాడు ఆయన మామూలుగానే వచ్చారు. షుగర్ మనిషని తెలియక మా ఆవిడ టీలో పంచదార రెండు చెంచాలు ఎక్కువే వేసింది. మారుమాట్లాడకుండా తాగారు.

మా రోడ్డు మాత్రం వేయించలేదు. అడిగితే నవ్వేవారు, నాకు ఒళ్లు మండేది. "అసెంబ్లీలో నేనేం మాట్లాడానో మీకు గుర్తుండదులేరా. ఈడ ఎవుడి తలా పగలకపోతే అదే చానా" అన్నారోసారి.

నిన్న ఫలితం వచ్చింది. మావాళ్లు గెలిచారు. పై వీధి మలుపులో రాళ్లు పోగేశారని తెల్లారేసరికి తెలిసింది. మావాళ్ల చేతుల్లోనూ కర్రలున్నాయి.

"ఏందయ్యా, అట్టా కూర్చున్నావ్? ఇయ్యాల వచ్చేదెవరు?" అంది మా ఆవిడ.

"ఎవరూ రారు."

"అయితే నువ్వే పో. ఆడుండేది నీ తమ్ముడే కదా."

వెళ్లాను. ధైర్యంతో కాదు, దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. రాళ్ల పోగు దగ్గర నిలబడ్డవాళ్లు నన్ను ఆపలేదు, పలకరించనూ లేదు. తమ్ముడు గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏంది, ఇట్టొచ్చావ్?"

అరుగు మీద కూర్చున్నాను. "టీ తాగేదాకా లేవను."

వాడు లోపలికెళ్లాడు. మలుపులో ఎవరూ కదల్లేదు. కాసేపటికి వాడే టీ తెచ్చాడు. గ్లాసు అందుకుంటే టీ తొణికి నా వేళ్ల మీద పడింది. నా చెయ్యే వణికిందనుకున్నాను. చూస్తే, వాడి చెయ్యి కూడా వణుకుతోంది.