తప్పిపోవడం నేర్పిన కండక్టరమ్మ

మొన్న మంగళవారం పొద్దున నేను జాకెట్టుకు కాజాలు కుడుతుండగా ఫోన్ వచ్చింది. చేసింది మా రూట్లో చాలా ఏళ్లు బస్సు నడిపిన డ్రైవరు. "అక్కా, మన కండక్టరమ్మ పోయింది. తెల్లారంగ గుండెనొప్పి లేసిందంట, దవాఖానకు తీస్కపోయేలోపే..." అని ఆగిపోయాడు. సూది గుడ్డలోనే వదిలేసి, పక్క గదిలో పనికి తయారవుతున్న మా చెల్లెలు మంజులను చూశాను. ఈమెకు ఎలా చెప్పాలన్నదే నా మొదటి ఫికర్.

మంజులకు పుట్టినప్పటి నుంచి మానసిక ఎదుగుదల నెమ్మది. అడిగిన మాటకు జవాబు ఆలస్యంగా వస్తుంది. చదవడం రాదు. అమ్మ లేదు, బాపు గొర్లు కాస్తాడు, నాకు కుట్టుపని. మా ఊరి నుంచి జడ్చర్లకు బస్సులో ముప్పావుగంట. మంజులలాంటి పెద్దవాళ్లకు పని నేర్పే కేంద్రం ఒకటి జడ్చర్లలో మొదలైందని తెలిసి, తెలంగాణ వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, అందులో చేర్పించాం. రెండు గదులు, విస్తర్లు అచ్చు వేసే రెండు మిషన్లు. చేతిపనిలో మంజుల చురుకే. కష్టమల్లా దారిదే. నేను రోజూ వెంట వెళ్లి, సాయంత్రం దాకా అక్కడి గోడకు ఆనుకుని కూర్చుని, మళ్లీ తీసుకొచ్చేదాన్ని. మిగతావాళ్ల తల్లులదీ అదే పరిస్థితి. కూలి పోగొట్టుకుని ఎన్నాళ్లని వస్తారు? నెల తిరిగేసరికి ఒక్కొక్కరే మానేసేవారు.

ఆ బస్సులో కండక్టరుగా ఉన్నది ఆమె. యాభై దాటిన మనిషి. కళ్లద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేవి, టికెట్టు కొట్టేటప్పుడు మాత్రమే కిందికి దిగేవి. చిల్లర లేదన్నవాళ్లను ఊరికే వదిలేది కాదు, చేతిసంచిలోని వేయించిన పల్లీలు మాత్రం బస్సంతా పంచేది. ఒకరోజు నా ముందు ఆగి, రోజూ నువ్వెందుకు వస్తున్నవని అడిగింది. మా చెల్లెకు తెల్వదమ్మా అన్నాను. ఆమె నన్ను వదిలేసి మంజుల వైపు వంగింది.

"నీకు తెల్వదా బిడ్డా? యాడ దిగాలె?"

మంజుల మాట్లాడలేదు. నేను అలవాటుగా నోరు తెరిచాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. వెనక సీట్లవాళ్లు టికెట్ టికెట్ అంటున్నారు. ఆమె కదల్లేదు. చాలాసేపటికి మంజుల, "జడ్చర్లల. రైలుగేటు దాటినంక," అంది.

నేను సిగ్గుతో తల దించుకున్నాను. అన్నేళ్లుగా మంజుల జవాబులన్నీ నేనే చెప్పేశానని ఆ రోజే తెలిసింది. దిగేటప్పుడు ఆమె నాతో, "అడిగినంక మనసుల పది లెక్కపెట్టుకో. జవాబు దారిల ఉంటది," అంది. ఆ మాట నేను ఇప్పటికీ రోజూ వాడుతున్నాను.

ఆ తర్వాత మూడు వారాలు ఆమే నేర్పింది. మొదటి వారం నేను మంజుల పక్కన కూర్చోవాలి. రెండో వారం నాలుగు వరుసలు వెనక. మూడో వారం ఊళ్లో ఎక్కించి నేను ఇంటికి పోవాలి. ఎవరైనా మంజులను చూసి జాలిపడితే ఆమెకు నచ్చేది కాదు. "పాపం అనకుండ్రి, జర జాగా ఇయ్యుండ్రి," అనేది. తన సెలవు రోజున వచ్చే కండక్టరుకు కూడా ముందే చెప్పి పెట్టేది. నాలుగో వారం నుంచి మంజుల ఒక్కతే వెళ్లి రావడం మొదలైంది. బాపు నమ్మలేక కొన్నాళ్లు గొర్ల మందను రోడ్డు దగ్గరే మేపాడు.

రెండు నెలలు బాగా గడిచాయి. ఒక సాయంత్రం మంజుల రాలేదు. ఆ రోజు కండక్టరమ్మకు సెలవు. మా బస్సు చెడిపోయి రాలేదట. రోజూ అది ఆగే చోట కొత్తకోట బస్సు ఆగితే మంజుల అందులో ఎక్కేసింది. కొత్తకోటలో అందరితోపాటు దిగి, ఎవరితోనూ మాట్లాడక బస్టాండు మూలన నిలబడిపోయింది. పొద్దుగూకే వేళకు అరటిపండ్లు అమ్మే ఆవిడ గమనించి, టిఫిన్ డబ్బా మీద నేను రాసిపెట్టిన నంబరుకు ఫోన్ చేయించింది. బాపూ నేనూ ఆటో కిరాయి మాట్లాడుకుని వెళ్లేసరికి మంజుల ఇంకా ఆ మూలనే నిలబడి ఉంది.

మర్నాడు బాపు జడ్చర్ల బస్టాండుకు పోయి, పదిమందిలో కండక్టరమ్మను నిలబెట్టి అడిగాడు. "నీ బిడ్డయితే గిట్ల పంపుతవా అమ్మా?"

ఆ రోజు తాను సెలవులో ఉన్నానని ఆమె అనలేదు. ఆదివారం మా ఇంటికి వచ్చింది. బాపు మంచం వాల్చలేదు. ఆమె గడప ముందు, మంజుల పక్కన నేల మీదే కూర్చుంది. "తప్పు నాది బిడ్డా. ఎక్కుడు నేర్పిన, దిగుడు నేర్పిన. తప్పిపోతే ఏం చెయ్యాల్నో నేర్పలే. మళ్ల పోతవా?"

బాపు వద్దనబోయాడు. ఈసారి చెయ్యెత్తి ఆపింది నేను. ముగ్గురం మంజుల నోటి వైపే చూస్తూ ఉండిపోయాం.

"పోత," అంది మంజుల.

ఆ తర్వాత నేర్పిన పాఠం ఏ బళ్లోనూ ఉండదు. సెలవు దొరికినప్పుడల్లా కండక్టరమ్మ కావాలనే మంజులను తప్పు బస్సు ఎక్కించేది. తెలియని చోట దింపేది. ఎవరిని అడగాలి, తన ఫోన్ నంబరు రాసి మెడలో వేసిన కార్డు ఎలా చూపాలి, ఫోన్ చెయ్యమని ఎలా అడగాలి, అన్నీ చూపించి, చేయించేది. చివరికి ఒకరోజు కొత్తకోటకే తీసుకెళ్లింది. నన్నూ రమ్మంది. మంజులను ఆ మూలనే వదిలి, మేమిద్దరం ఇరవై అడుగుల అవతల కొంగు కప్పుకుని, జామపండ్లు బేరం చేస్తున్నట్టు నిలబడ్డాం. మంజుల అటూ ఇటూ చూసింది. మొహం ఏడుపుకు వచ్చింది. నా కాళ్లు ఆగలేదు. కండక్టరమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఇయ్యాల పది సాలది. వంద లెక్కపెట్టు," అంది.

నేను ఎంతవరకు లెక్కపెట్టానో గుర్తులేదు. మంజుల కదిలి ఆ అరటిపండ్లావిడ దగ్గరికి వెళ్లింది. కార్డు చూపింది. కాసేపటికి కండక్టరమ్మ సంచిలో ఫోన్ మోగింది. నాకూ వినిపించేలా స్పీకరు పెట్టింది.

"ఆ, చెప్పు బిడ్డా. యాడున్నవ్?"

"కొత్తకోటల."

"ఏం చేస్తవ్ ఇప్పుడు?"

మంజుల ఆలోచించింది. "జడ్చర్ల బస్సు అడుగుత. ఎక్కుత."

ఆమె ఫోన్ పెట్టేసి, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

రిటైరయ్యాక ఆమె తిన్నగా ఆ కేంద్రానికే వెళ్లింది. మానేసినవాళ్ల పేర్లు అడిగి తీసుకుని ఊరూరా తిరిగింది. ఒక్కొక్కరి పక్కన నెల రోజులు బస్సులో కూర్చుంది. ఒకసారి అధికారులు వచ్చి, ఇంకేం మిషన్లు కావాలని అడిగితే, మిషన్లున్నయి సారూ, మనుషులు వచ్చే తొవ్వ చూడుండ్రని చెప్పింది. అడగ్గా అడగ్గా, ఇలా తోడు వెళ్లి నేర్పే పనికే ఇద్దరు ఆడవాళ్లను పెట్టారు. వాళ్లకు నేర్పిందీ ఆమే. ఇప్పుడు ఆ కేంద్రంలో నాలుగు గదులున్నాయి. గోడకు ఆనుకుని ఎదురుచూసే తల్లులు లేరు.

మొన్న మంగళవారం నేను మంజులకు ఉన్నమాట చెప్పాను. మనసులో లెక్కపెట్టాను. "చూసొస్త," అంది. ఇద్దరం వెళ్లాం. జడ్చర్లలో ఆమె ఇంటి ముందు, మంజులతో పనిచేసేవాళ్లు పదిమంది దాకా అప్పటికే నిలబడి ఉన్నారు. ఆమె కొడుకు ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, మిమ్మల్ని ఎవరు తీస్కొచ్చిన్రని అడిగాడు. వాళ్లలో ఒకతను నింపాదిగా, "ఎవ్వలు తేలే. మేమే వచ్చినం," అన్నాడు. ఆ కొడుకు అతని భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

మట్టి చేసి వచ్చాక అందరం బస్టాండుకు నడిచాం. ఒక్కో బస్సూ వచ్చి ఆగుతోంది. ఒక్కొక్కరే ముందుకు వెళ్లి, ఏ ఊరు పోతదని కండక్టరును అడిగి ఎక్కుతున్నారు. మా బస్సు వచ్చింది. మంజుల ఎక్కలేదు, నన్నూ ఎక్కనివ్వలేదు. వాళ్లలో చివరి మనిషి బస్సెక్కి, కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి ఊపేదాకా ఎండలో అలాగే నిలబడి ఉంది.