రెండంగుళాల టేకు లొంగింది

సన్నటి బ్లేడుతో కోసే స్క్రోల్ సా కొన్నప్పటి నుంచి, పెట్టెలు చేయడానికి మందమైన గట్టి చెక్క కోసం వెతుకుతున్నాను. అన్నిచోట్లా పలచటి పలకలే. ఈ ఉదయం వుడ్‌ల్యాండ్స్ ప్రాంతంలోని పాత కలప యార్డులో నిలబడి, "ఇక్కడా లేదండీ" అని మా ఆయనతో ఫోన్లో అంటున్నాను.

"ఎంత మందం కావాలమ్మా?" అన్నారు వెనక నుంచి, అక్కడ పనిచేసే శ్రీకాకుళం వడ్రంగి రామినాయుడు గారు.

రెండంగుళాలన్నాను. పాత ద్వారబంధం నుంచి టేకు ముక్క కోసి, మేకులు పీకి ఇచ్చారు.

"నా బ్లేడు తెగిపోదా?"

"తొయ్యకండమ్మా. కర్రని మెల్లగా తిప్పండి, బ్లేడే కోసుకుంటాది."

సాయంత్రం అలాగే చేశాను. ఒక్క బ్లేడు కూడా తెగలేదు! పెట్టె లోపల ఖాళీ కోసం కోసిన మధ్య ముక్క చేతిలోకి జారగానే నేను వేసిన కేకకు పక్క ఫ్లాట్ ఆంటీ పరుగెత్తుకొచ్చింది.

నా మొదటి పెట్టెలో మా ఆయన అప్పుడే ఇయర్‌ఫోన్లు పెట్టేశారు. అంతకన్నా మంచివి ఏం పెట్టాలో చెప్పండి.